జుట్టు ఊడుతోందంటే ముందు నెలసరి గురించి అడగండి

నా జడకి రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పితే చాలు, బిగుసుకునేది. 2022 దసరా సెలవులకి వచ్చేసరికి నాలుగు చుట్లు తిప్పినా జారిపోతోంది. తలస్నానం చేసిన రోజు బాత్రూం జాలీ మూసుకుపోయి నీళ్లు నిలిచిపోయేవి. దువ్వెనలో వచ్చిన చిక్కు తీసి, వేలికి చుట్టి, కవర్లో వేసి కిటికీ మూల పెట్టడం చిన్నప్పటి అలవాటు. నాలుగైదు నెలలకి నిండే కవరు మూడు వారాలకే నిండుతోంది. చిక్కు వెంట్రుకలు కొంటామంటూ మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చే బండాయన దాన్ని చేత్తో పైకెత్తి చూసి, "అంతా ఒక్కరిదేనా అమ్మా?" అన్నాడు. లోపలికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

నేను పల్నాడులో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. అప్పటికి నాకు 38 ఏళ్లు. పదో తరగతి పోషణ పాఠంలో తిండి చాలని పిల్లలకి వచ్చే క్వాషియార్కర్, మెరాస్మస్ జబ్బులు, విటమిన్ లోపాలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను. ఆ పాఠం నా ఒంటికి కూడా వర్తిస్తుందని మాత్రం ఎన్నడూ తట్టలేదు.

జుట్టు ఊడటం మొదలయ్యాక చుట్టుపక్కల ప్రతి ఒక్కరూ ఒక కారణం చెప్పారు. బోరు నీళ్లు పడలేదన్నారు. టెన్షన్ ఎక్కువైందన్నారు. దిష్టి తగిలిందన్నారు. మా అత్తయ్య మందారాకు నూరి తలకి పట్టించింది. స్టాఫ్‌రూంలో ఒకావిడ ఉల్లిపాయ రసం రాయమంది. మా తమ్ముడు బెంగళూరు నుంచి బయోటిన్ గమ్మీల డబ్బా పంపాడు. మా అక్క కూతురి పెళ్లికి పూలజడ వేయబోతే నిలవడం లేదని, అమ్మ బీరువా అడుగు నుంచి తన పాత సవరం తీసి దులిపి ఇచ్చింది. ఆ పెళ్లిలో నా జడ సంగతి అడిగినవాళ్లు పదిమందికి తక్కువ ఉండరు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్కూల్లో పై అంతస్తు ఎక్కడానికి నాకు ఆయాసం వచ్చేది. మధ్యలో గోడ పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కేదాన్ని. దాని గురించి ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

గుంటూరులో ఒక హెయిర్ క్లినిక్‌కి వెళ్లాను. మాడుకి చిన్న కెమెరా ఆనించి, కుదుళ్లు ఎంత పలచగా ఉన్నాయో టీవీలో చూపించారు. ఎనిమిది సిట్టింగుల ప్యాకేజీ 42 వేలన్నారు. గంటసేపు కూర్చున్నాను. తల తప్ప ఒంటి గురించి ఒక్క ప్రశ్న రాలేదు. ఐదు వేలు అడ్వాన్సు కట్టి వచ్చేశాను. ఆ వారంలోనే మా చెల్లెలు పట్టుబట్టి ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆవిడ ముందు నా పాపిడి చూశారు. ఒక పాయ వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి, చేతిలోకి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టారు. తర్వాత కింది కనురెప్ప లాగి చూశారు, గోళ్లు చూశారు. ఆ తర్వాత అడిగారు: "నెలసరి ఎన్ని రోజులుంటుంది? రెండో రోజు ఎన్ని ప్యాడ్లు మారుస్తారు? గడ్డలు పడతాయా?" తొమ్మిది రోజులని చెప్పాను. రెండో రోజు గంటన్నరకో ప్యాడు, స్కూలుకి వెళ్లాలంటే రెండు కలిపి పెట్టుకోవాలి, రెండేళ్లుగా ఇంతే, ఈ వయసుకి మామూలే కదా అన్నాను. ఆవిడ రాసుకుంటూనే, "పచ్చి బియ్యం తినాలనిపిస్తుందా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఏడాదిగా నేను రోజూ బియ్యం తింటున్నాను. చెరిగేటప్పుడు ఒక గుప్పెడు, ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు, రాత్రి అందరూ పడుకున్నాక డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి ఇంకో గుప్పెడు. చిన్నప్పుడు పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందనేవాళ్లు. పెద్దయ్యాక, బియ్యం తింటే ఒళ్లు పాలిపోతుంది, పాండురోగం వస్తుంది అనేవాళ్లు. తిరగేసి చెప్పారంతే. రక్తంలో ఇనుము తగ్గినవాళ్లకి బియ్యం, మట్టి, బలపాలు, ఐసు ముక్కలు తినాలనే యావ పుడుతుంది. ఒళ్లు ముందే పాలిపోయి ఉంటుంది, బియ్యం మీదికి మనసు తర్వాత పోతుంది. మా పెద్దవాళ్లు చూసింది నిజమే. రెండూ ఒకే మనిషిలో కనిపించడం వాళ్లు గమనించారు, కారణాన్ని మాత్రం తలకిందులుగా పట్టుకున్నారు.

రిపోర్టులు వచ్చాయి. హిమోగ్లోబిన్ 10.4. ఆడవాళ్లకి 12 ఉండాలి. ఫెరిటిన్ 6. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిపెట్టుకున్న ఇనుము ఎంతో చెప్పే పరీక్ష. 15 కంటే తగ్గితే నిల్వలు అయిపోయినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జుట్టు విషయంలో 30, 40 అయినా ఉండాలని చాలామంది చర్మ డాక్టర్లు అంటారు. స్కానింగులో గర్భాశయంలో రెండు ఫైబ్రాయిడ్లు, అంటే నెలసరిలో రక్తం ఎక్కువ పోయేలా చేసే గడ్డలు, కనిపించాయి. అంటే నా జుట్టు సమస్య మాడు మీద లేదు. పొత్తికడుపులో ఉంది.

ఇది అర్థం కావాలంటే వెంట్రుక ఎలా పెరుగుతుందో కొంచెం తెలియాలి. మన తల మీద లక్ష దాకా వెంట్రుకలుంటాయి. వాటిలో నూటికి 85, 90 ఎప్పుడూ పెరిగే దశలో ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరిగి, రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపేసి, ఓ మూడు నెలలు కుదురులో ఊరికే కూర్చుని, ఆ తర్వాత ఊడిపోతుంది. రోజుకి 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. పెరిగే దశలో కుదురు దగ్గరుండే కణాలు ఒంట్లో అన్నిటికంటే వేగంగా విభజన చెందే కణాల్లో చేరతాయి. అంత పనికి ఇనుము కావాలి, జింకు కావాలి, ప్రొటీన్ కావాలి. ఒంట్లో సరుకు తక్కువైనప్పుడు శరీరం ఉన్నదాన్ని ముందు గుండెకి, మెదడుకి, రక్తానికి మళ్లిస్తుంది. జుట్టు లేకపోయినా ప్రాణం పోదు కాబట్టి దాని వంతు చివర వస్తుంది. పెరగాల్సిన వెంట్రుకలు వేళ కాకముందే విశ్రాంతి దశలోకి జారిపోతాయి. రెండు మూడు నెలల తర్వాత అన్నీ ఒకేసారి చేతిలోకి వస్తాయి.

ఆ రెండు మూడు నెలల ఎడమే మనల్ని తికమక పెడుతుంది. డెంగ్యూ వచ్చింది ఆగస్టులో, జుట్టు ఊడింది నవంబరులో. అప్పటికి జ్వరం సంగతి మర్చిపోయి, కొత్తగా మార్చిన షాంపూని తిట్టుకుంటాం. కోవిడ్ తర్వాత ఎంతోమందికి ఇదే జరిగింది. బాలింతలకి మూడో నెలలో కుచ్చులు కుచ్చులుగా ఊడేదీ ఇందుకే. బిడ్డ తల్లిని చూసి నవ్వడం మొదలుపెడితే తల్లి జుట్టు ఊడుతుందని మా అమ్మమ్మ అనేది. బిడ్డ నవ్వే నెలా, జుట్టు ఊడే నెలా ఒకటే కాబట్టి ఆ మాట పుట్టి ఉంటుంది. ఇలాంటివి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. ఇనుము లోటు అలా సర్దుకోదు. నెలనెలా రక్తం పోతూనే ఉంటే లోటు పెరుగుతూనే ఉంటుంది.

ఇనుము లోటుకీ జుట్టు ఊడటానికీ మధ్య సంబంధం మీద డాక్టర్లందరిదీ ఒకే మాట కాదు. జుట్టు ఊడే ఆడవాళ్లలో ఫెరిటిన్ తక్కువగా ఉందని కొన్ని పరిశోధనలు చూపించాయి, పెద్ద తేడా లేదని మరికొన్ని చెప్పాయి. నా వాదన ఆ తగవు తేలడం మీద ఆధారపడి లేదు. ఫెరిటిన్ 6 ఉన్న ఆడమనిషికి జుట్టు సంగతి ఎలా ఉన్నా వైద్యం కావాలి. జుట్టు వంక పెట్టుకుని అయినా ఆ 6 బయటపడాలి, అంతే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో లెక్క తీస్తే మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో అది 53. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ 57 కంటే కాస్త ఎక్కువే. మగవాళ్లలో నూటికి 25. హిమోగ్లోబిన్ పడిపోయినవాళ్ల లెక్క మాత్రమే ఇది. ముందు నిల్వలు ఖాళీ అవుతాయి, హిమోగ్లోబిన్ ఆ తర్వాత పడుతుంది. అంటే రిపోర్టులో 12 వచ్చి, "రక్తం బాగానే ఉంది" అనిపించుకుని ఇంటికొచ్చిన వాళ్లలోనూ ఫెరిటిన్ అడుగంటినవాళ్లు ఉంటారు.

ఇంతమంది ఆడవాళ్లకి రక్తం తక్కువగా ఉంటే మన ఇళ్లల్లో దాని మాటే ఎందుకు రాదు? నాకు తోచింది చెబుతాను. ఆయాసం బయటికి కనపడదు. కాళ్లు లాగడం, తల తిరగడం, మధ్యాహ్నానికే ఓపిక అయిపోవడం, ఇవన్నీ ఆడవాళ్లకి మామూలే అని అందరూ ఒప్పేసుకున్నారు, ఆడవాళ్లతో సహా. నెలసరి ఎన్ని రోజులు, ఎంత పోతోంది అన్నది భర్తకి తెలియదు, చాలా ఇళ్లల్లో తల్లికీ తెలియదు. జడ ఒక్కటే బయటికి కనపడుతుంది. పెళ్లిచూపుల్లో చూసేది దాన్నే. అందుకే రక్తహీనత లక్షణాల్లో ఊరంతా పట్టించుకునేది జుట్టు ఊడటం ఒక్కటే అయింది. అదైనా పట్టించుకుంటున్నారు కదా అని సంతోషిద్దామంటే, ఆ పట్టింపు నూనె సీసా దగ్గర ఆగిపోతోంది.

నూనె మీద నాకు కోపం లేదు. మా అత్తయ్య కూర్చోబెట్టి తలకి నూనె పెడుతుంటే నాకు ఇప్పటికీ కళ్లు మూతలు పడతాయి. ఆ సుఖం వేరు. కానీ కుదురుకి అందాల్సిన ఇనుము రక్తంలోంచి వస్తుంది, మాడు మీంచి ఇంకదు. బోరు నీళ్లూ అంతే. ఉప్పు నీళ్లు వెంట్రుకని గరుకు చేస్తాయేమో గానీ కుదుళ్లతో సహా ఊడబెరకవు.

గమ్మీల సంగతి వేరే చెప్పాలి, వాటి మీద నాకు నిజంగానే కోపం ఉంది. బయోటిన్‌కి ఒకప్పుడు విటమిన్ హెచ్ అని పేరు. జుట్టుకీ చర్మానికీ వాడే జర్మన్ మాటలు రెండూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఆ పేరు పుణ్యమా అని అది ఇవాళ జుట్టు మందైపోయింది. మనిషికి రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. గుడ్డు, పల్లీలు, పప్పులు తినేవాళ్లకి మామూలు భోజనంలోనే వచ్చేస్తుంది, కొంత మన పేగుల్లోని బాక్టీరియా కూడా తయారుచేస్తుంది. దాని లోపం చాలా అరుదు. నెలల తరబడి పచ్చి గుడ్డు తెల్లసొన తాగేవాళ్లకి వస్తుంది, ఎందుకంటే అందులోని అవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్‌ని పట్టేసుకుంటుంది. మా తమ్ముడు పంపిన డబ్బా మీద ఉన్న మోతాదు 10,000 మైక్రోగ్రాములు. లోపం లేనివాళ్లకి అంత బయోటిన్ వల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు.

పనిచేయకపోతే డబ్బు దండగ అంతేగా అనుకున్నాను నేను. డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష రాస్తూ, "ఆ గమ్మీలు ముందు ఆపండి, నాలుగు రోజులయ్యాక రక్తం ఇవ్వండి" అన్నారు. ఒంట్లో బయోటిన్ ఎక్కువగా ఉంటే కొన్ని ల్యాబ్ పరీక్షలు తప్పు చూపిస్తాయి. థైరాయిడ్ బాగానే ఉన్నా ఎక్కువైనట్టు చూపించవచ్చు. గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ పరీక్షలో ఉన్నదాన్ని తక్కువ చేసి చూపించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. జుట్టు ఊడటానికి థైరాయిడ్ ఒక పెద్ద కారణం. ఆ థైరాయిడ్‌ని పట్టే పరీక్షనే జుట్టు కోసం మింగిన మాత్ర చెడగొడుతుందంటే, ఎవరినీ అడక్కుండా వాటిని కొనడం మంచిది కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఎక్కువైతే జుట్టు ఊడదీసే పోషకాలు కూడా ఉన్నాయి. విటమిన్ ఎ అలాంటిదే. సెలీనియం ఇంకా ప్రమాదం. ఒంటికి అది కావాలి, కానీ చాలా కొంచెం, రోజుకి పదుల మైక్రోగ్రాముల్లో. 2008లో అమెరికాలో ఒక సప్లిమెంటు తయారీలో పొరపాటు జరిగి, లేబుల్ మీద రాసిన దానికి 200 రెట్లు సెలీనియం పడింది. అది తాగిన 200 మందికి పైగా జబ్బు పడ్డారు, చాలామందికి జుట్టు ఊడింది, గోళ్లు పాడయ్యాయి. మనకి దగ్గర్లో మొన్ననే జరిగింది చూడండి. 2024 డిసెంబరు చివర్లో మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లా షేగావ్ తాలూకా ఊళ్లల్లో మగా ఆడా తేడా లేకుండా రోజుల్లోనే జుట్టు ఊడి బోడితలలయ్యాయి. ఫంగస్ అన్నారు, నీళ్లలో నైట్రేట్లన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) బృందాలు వచ్చి నమూనాలు పట్టుకెళ్లాయి. తేలుకాటు వైద్యంతో పేరు తెచ్చుకున్న డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తాను చేయించిన పరీక్షల్లో రేషన్ గోధుమల్లో సెలీనియం విపరీతంగా ఉందని, బాధితుల రక్తంలో, వెంట్రుకల్లో కూడా అది బాగా పెరిగిందని, జింకు మాత్రం తగ్గిందని చెప్పారు. ఆ ఊళ్ల పిల్లలు కొందరు సిగ్గుపడి బడి మానేశారని చదివి నాకు చాలా బాధేసింది. జుట్టు ఊడుతోందని తెలియగానే నాలుగైదు రకాల విటమిన్లు కలిపి మింగేవాళ్లకి నేను ఈ కథ చెబుతుంటాను.

జింకు గురించి క్లాసులో చెప్పడం నాకు ఇష్టం, అందులో మన బిహార్‌లో పుట్టిన ఒక డాక్టరు ఉన్నారు కాబట్టి. ఆయన పేరు ఆనంద ప్రసాద్. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో పనిచేస్తుండగా ఆయన దగ్గరికి 21 ఏళ్ల యువకుడొకడు వచ్చాడు. చూడటానికి పదేళ్ల పిల్లాడిలా ఉన్నాడట. రక్తహీనత తీవ్రంగా ఉంది. తినేది పులియబెట్టని రొట్టె, దానికి తోడు మట్టి. ఆ రొట్టెలోని ఫైటేట్లు అనే పదార్థాలు ఇనుముతో పాటు జింకుని కూడా పట్టేసి ఒంటికి చేరనివ్వడం లేదని ప్రసాద్ అనుమానించారు. మనిషికి జింకు లోపం రాదని అప్పటిదాకా అనుకునేవాళ్లు. ఆ అనుమానాన్ని రుజువు చేయడానికి ఆయనకి కొన్నేళ్లు పట్టింది. పుట్టుకతోనే జింకు సరిగా ఇంకని పిల్లలకి నోటి చుట్టూ, చేతుల మీద పుండ్లు లేచి జుట్టంతా ఊడిపోయే జబ్బొకటుంది. జింకు ఇస్తే ఆ పిల్లలు కోలుకుంటారని 1970లలో తేలింది. జింకుకీ జుట్టుకీ ఉన్న లంకెకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే జింకు మాత్రలు ఎడాపెడా మింగితే ఒంట్లో రాగి (కాపర్) తగ్గి, మళ్లీ రక్తహీనతే వస్తుంది.

ఫైటేట్లు మన పప్పుల్లో, రాగుల్లో, సజ్జల్లో కూడా ఉన్నాయి. మన ఆడవాళ్లు పిండి పులియబెట్టడం, పెసలు మొలకెత్తించడం, శనగలు నానబెట్టడం రుచి కోసమే చేసి ఉండొచ్చు గానీ, ఆ పనులతో ఫైటేట్లు తగ్గి ఇనుము, జింకు ఒంటికి బాగా పడతాయి. పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, చింతకాయ పచ్చడికి బదులు ఉసిరికాయ పచ్చడి వేసుకోవడం కూడా చిన్న విషయాలు కావు, విటమిన్ సి ఉంటే ఆకుకూరల్లోని ఇనుము ఎక్కువగా ఇంకుతుంది. టీ దానికి అడ్డం. అన్నం తినగానే టీ తాగే అలవాటు నాది, స్టాఫ్‌రూంలో అందరిదీ. ఆ టీని రెండు గంటలు వెనక్కి జరిపాను. రాగి జావ తాగితే రక్తం పడుతుందని మా అత్తయ్య గట్టి నమ్మకం. రాగుల గొప్పతనం కాల్షియంలో ఉంది. ఇనుము సజ్జల్లో ఇంకా ఎక్కువ. మాంసాహారం తినేవాళ్లకి మేక కార్జంలోని ఇనుము వంటబట్టినంత తేలిగ్గా ఆకుకూరల్లోది వంటబట్టదు. కానీ మా ఇంట్లో కార్జం ముక్కలు ఎప్పుడూ పిల్లల కంచాల్లోకి, మగవాళ్ల కంచాల్లోకే వెళ్లేవి. వడ్డించింది నేనే. చివర్లో గిన్నె తుడుచుకుని పులుసుతో తినేదాన్ని. ఎవరూ అలా తినమనలేదు. మా అమ్మ అలా తినడం చూశాను, అంతే.

జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. ఆ సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకి మగవాళ్లకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడవాళ్లకి 29. ఇంట్లో ఇనుము ఎక్కువ కావాల్సిన మనిషే చివర తింటోంది. దీన్ని జుట్టు సమస్య అని పిలుస్తున్నాం మనం.

క్వాషియార్కర్ పిల్లల జుట్టులో జెండా గుర్తు అని ఒకటుంటుంది. తిండి సరిగా లేని నెలల్లో పెరిగిన భాగం ఎర్రగా పాలిపోయి, తిండి దొరికిన నెలల్లో పెరిగింది నల్లగా, ఒకే వెంట్రుక మీద చారలు చారలుగా కనపడుతుంది. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఏ నెలలో ఆకలితో ఉన్నాడో కొలిచి చెప్పొచ్చు. ఆ బొమ్మ నేను ప్రతి ఏడూ బోర్డు మీద గీస్తాను.

ఇంత చెప్పాను కదా అని జుట్టు ఊడే ప్రతి ఒక్కరూ ఐరన్ మాత్రలు మొదలుపెట్టకండి. కణతల దగ్గర మొదలై నడినెత్తికి పాకే మగవాళ్ల బట్టతలకి కారణం హార్మోను, వంశం. ఆడవాళ్లలోనూ పాపిడి మెల్లగా, ఏళ్ల తరబడి వెడల్పయ్యేది ఎక్కువగా అదే. దానికి వేరే మందులున్నాయి. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే మన వాళ్లు పేనుకొరుకుడు అంటారు. కొరికింది పేనూ కాదు, పురుగూ కాదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడటం వల్ల వస్తుంది. తలసీమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులు ఉన్నవాళ్లకి ఇనుము పేరుకుపోతే ప్రమాదం. అందుకే ముందు పరీక్ష. అది కూడా జుట్టు ప్యాకేజీ అని డెబ్భై పరీక్షలు కలిపి అమ్మేది అక్కర్లేదు. రక్తం లెక్క, ఫెరిటిన్, థైరాయిడ్, ఇంకేమన్నా కావాలో లేదో డాక్టరు చెబుతారు. ఊళ్లో సగం మందికి డి విటమిన్ తక్కువగానే ఉంటుంది. నాకూ తక్కువ వచ్చింది. అది తక్కువుందని తెలిస్తే వేసుకోవాలి, కానీ జుట్టు దానివల్లే ఊడిందని తేలినట్టు కాదు. జ్వరం తగ్గిన కొత్తలో ఫెరిటిన్ చేయించినా మోసపోతాం, ఒంట్లో జ్వరం, వాపు లాంటివి ఉన్నప్పుడు నిల్వలు లేకపోయినా అది పైకి లేస్తుంది.

లోపం తేలాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎందుకు తగ్గింది? ఈ ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతున్నామని నా బాధ. ఐరన్ తక్కువ, మాత్ర వేసుకో, అయిపోయింది అంటాం. ఇనుము ఊరికే తగ్గదు. నెలసరిలో ఎక్కువ పోతుండొచ్చు, కడుపులో కొంకి పురుగులు ఉండొచ్చు, మొలల్లోంచి పోతుండొచ్చు, నెలలో పది కిలోలు తగ్గాలని తిండి మానేసి ఉండొచ్చు. యాభై దాటినవాళ్లలో, మగవాళ్లలో అయితే పేగుల్లో ఎక్కడైనా రక్తం కారుతోందేమో చూడాల్సిందే. కారణం వెతక్కుండా మాత్రతో నెట్టుకొస్తే, కిందనున్న జబ్బు ముదిరాక గానీ తెలియదు.

నాకు ఫైబ్రాయిడ్లకి వైద్యం చేశారు. ఐరన్ రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, నిమ్మరసంతో, కాల్షియం మాత్రకి దూరంగా. రోజూ వేసుకుంటే ఒళ్లు మరుసటి రోజు తక్కువ పీల్చుకుంటుందట. నాలుగో నెలకి ఊడటం తగ్గింది. అంతకు చాలా ముందే, మూడో వారంలోనే, బియ్యం డబ్బా మీదికి మనసు పోవడం ఆగిపోయింది. ఒకరోజు పైఅంతస్తులో క్లాసుకి వెళ్లాక గుర్తొచ్చింది, మధ్యలో ఆగలేదని. నుదుటి మీద అంగుళమేసి కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని వచ్చాయి. బ్యాండు ఇప్పుడు మూడు చుట్లు తిరుగుతోంది. రెండు చుట్ల జడ మళ్లీ రాలేదు.

మా స్కూల్లో ఆడపిల్లలకి వారానికో నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తాం. చాలా ఏళ్లు నేను మాత్ర చేతిలో పెట్టి, మింగారా అని అడిగి, రిజిస్టర్లో టిక్కు పెట్టి పంపేదాన్ని. కిటికీ కింద మట్టిలో నీలం మాత్రలు కనపడుతుండేవి. కడుపులో తిప్పుతుందనీ, విరేచనం నల్లగా అవుతోందనీ భయపడి పారేసేవాళ్లు. మిరప కోతల రోజుల్లో తల్లులు చీకటితోనే పనికి వెళ్లిపోతారు, పిల్లలు ఏమీ తినకుండా బడికొస్తారు. ఖాళీ కడుపున ఆ మాత్ర తిప్పదా మరి? ఇప్పుడు మధ్యాహ్న భోజనం అయ్యాక ఇస్తున్నాం. నల్లగా అవడం మామూలేనని ముందే చెబుతున్నాను. రక్తహీనత అంటే వినని పిల్లలు, జడ సన్నబడుతుంది అంటే చెవులు రిక్కిస్తారు. అందం పేరు చెప్పి మాత్ర మింగించడం సరైనదేనా అని కొన్నాళ్లు మథనపడ్డాను. ఇప్పుడు ఆ మథనం లేదు. వాళ్ల ఒంటి సంగతుల్లో ఎవరైనా వాళ్లని అడిగేది జడ గురించి మాత్రమే అయినప్పుడు, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

పోయిన నెల పదో తరగతి పిల్లొకతి స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి, "టీచర్, జుట్టు బాగా ఊడిపోతోంది, ఏ నూనె రాయాలి?" అంది. లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, నెలసరి ఎన్ని రోజులుంటోందని అడిగాను. తల దించుకుని వేళ్లు లెక్కపెట్టింది. పదకొండు రోజులంది. అమ్మకి చెప్పావా అంటే, అమ్మకీ అలాగే ఉంటుంది టీచర్ అంది.

సోమవారం తల్లి వచ్చింది, కోతలకి నాగా పెట్టి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముందు ఏ పరీక్ష చేస్తారో, మాత్ర ఎలా వేసుకోవాలో, పెద్దాసుపత్రిలో ఎవరికి చూపించాలో ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ దాన్ని మడిచి జాకెట్లో దోపుకుంది. వెళ్లబోతూ ఆగి, కూతుర్ని బయట ఉండమని చెప్పి, నా దగ్గరికొచ్చింది. కొప్పు విప్పి చూపించింది. నా బొటనవేలంత కూడా లేదు.

"నాకూ ఇట్టాంటి కాయితం ఒకటి రాసిస్తారా అమ్మా?" అంది.